మాట్లాడని యంత్రం బాగున్నట్టేనా?

మన మండలాల నుంచి డిప్లొమా, డిగ్రీ ముగించి చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు, కువైట్ వెళ్ళిన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వారిలో కొందరి నోట ఒక మాట వింటున్నాం: "నాక్‌లో షిఫ్టు డ్యూటీ సార్." నాక్ అంటే నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్. ఎక్కడెక్కడో ఉన్న టవర్లు, బ్యాటరీలు, రూటర్లు, పంపులు ఏ స్థితిలో ఉన్నాయో ఒక్కచోట కూర్చుని కనిపెట్టే గది. ఇంట్లో పెద్దలకు ఇది ఉద్యోగంలాగే కనిపించదు. "రాత్రంతా తెర చూస్తూ కూర్చోవడానికి ఇంత చదువెందుకు సార్?" అని ఒక తండ్రి మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఈ పాఠం దానికి జవాబే. ఇంటర్ పైన చదివే పిల్లలు దీన్ని పూర్తిగా చదవాలి. పెద్దలు సాంకేతికమైన చోట్లు దాటేసి చదివినా నష్టం లేదు.

దూరపు పరికరం అనగానే ఏ అమెరికాలోనో ఉండేదనుకోనక్కరలేదు. మన అనంతసాగరం మండలంలోనే సోమశిల ఉంది. పెన్న మీద కట్టిన ఆ జలాశయం నిండితే 78 టీఎంసీలు. అక్కడి నీరు కండలేరుకు పోతుంది, కండలేరు నుంచి చెన్నై నగరానికి పోతుంది. నదిలోకి వదిలితే సంగం మీదుగా నెల్లూరు చేరుతుంది. ఆనకట్ట దగ్గర నీటిమట్టం ఎంత, ఏ గేటు ఎంత ఎత్తు లేచింది, గేటు మోటారుకు కరెంటు ఉందా, కరెంటు పోతే జనరేటర్ అందుకుందా? ఇవన్నీ ఒక్కొక్కటి ఒక్కొక్క కబురు. ఎగువన కడప వైపు నుంచి కుందూ, పాపఘ్ని, చెయ్యేరు తెచ్చే నీటి లెక్క కూడా ఇక్కడి వారికి ముందుగానే అందాలి.

2021 నవంబరును మన జిల్లా మరిచిపోదు. 19వ తేదీ తెల్లవారుజామున రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. నది ఒడ్డున ఉన్న ఊళ్ళలో ప్రాణాలు పోయాయి. ఆ నీరు పెన్నలో కలిసి సోమశిలకు వచ్చింది. సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలవలసి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారికి గండి పడింది. అన్నమయ్య ప్రాజెక్టుకు ఉన్న ఐదు గేట్లలో ఒకటి ఆనాడు పనిచేసే స్థితిలో లేదని తరువాత పార్లమెంటులో చెప్పారు. వచ్చిన వరద ఆ ప్రాజెక్టు మోయగలిగిన దానికన్నా ఎక్కువ. అందువల్ల ఆ ఒక్క గేటు వల్లనే అంతా జరిగిందని మేము అనడం లేదు. కాని దూరపు పరికరాల పాఠం చెప్పేటప్పుడు ఆ గేటును మేము ప్రతిసారీ గుర్తు చేసుకుంటాం. లోపం ఉందని తెలియడం వేరు, లోపం తీరడం వేరు. ఈ సంగతికి మళ్ళీ వస్తాం.

అడగడం, పిలవడం

యంత్రం గురించి మనకు తెలియడానికి రెండే దారులు. మనం వెళ్ళి అడగాలి, లేదా అదే మనల్ని పిలవాలి. నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది. మొదటిదాన్ని పోలింగ్ అంటారు. (పోలింగ్ అనగానే పిల్లలు ఓట్లనుకుని నవ్వుతారు. నిజానికి ఇదీ అలాంటిదే, ఒక్కొక్కరి అభిప్రాయం అడిగి రాసుకోవడం.) కేంద్రంలోని కంప్యూటర్ ప్రతి నిమిషానికో ఐదు నిమిషాలకో వరుసగా ఒక్కొక్క పరికరాన్ని "నీ వోల్టేజి ఎంత? వేడి ఎంత? లైను ఉందా?" అని అడుగుతుంది. రెండోదాన్ని ట్రాప్ అంటారు. తనకు ఏదైనా జరిగినప్పుడు పరికరమే కేంద్రానికి కబురు పంపుతుంది.

ఈ ప్రశ్నకూ జవాబుకూ ఒక ఉమ్మడి భాష కావాలి. లేకపోతే ఒక కంపెనీ రూటర్, మరొక కంపెనీ బ్యాటరీ చార్జర్, ఇంకొకరి జనరేటర్ ఒకే తెర మీదికి రావు. ఆ భాష పేరు ఎస్ఎన్ఎంపి, సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్. జెఫ్రీ కేస్, మరో ముగ్గురు ఇంజనీర్లు కలిసి 1988లో దాని నియమాలు రాశారు. ఈనాటికీ అదే ఎక్కువగా వాడుకలో ఉంది. పరికరంలో ఉండి జవాబు చెప్పే చిన్న ప్రోగ్రామును ఏజెంట్ అంటారు, కేంద్రంలో అడిగేదాన్ని మేనేజర్ అంటారు. అడగడం 161వ నంబరు పోర్టులో జరుగుతుంది, ట్రాపులు 162లోకి వస్తాయి.

పరికరంలోని ప్రతి సంగతికీ చుక్కలతో విడదీసిన ఒక పెద్ద అంకె ఉంటుంది. దాన్ని ఓఐడి అంటారు. చూడగానే భయపడతారు కాని అది మన చిరునామా వంటిదే: రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం, వీధి, ఇంటి నంబరు. 1.3.6.1.2.1.1.3 అనేది "నువ్వు మేల్కొని ఎంతసేపయింది?" అనే ప్రశ్నకు చిరునామా. 1.3.6.1.4.1 తర్వాత వచ్చే అంకె కంపెనీది. అక్కడి నుంచి ఆ కంపెనీ సొంత వీధులు మొదలవుతాయి. ఏ చిరునామాలో ఏముందో చెప్పే నిఘంటువును మిబ్ అంటారు. పరికరం కొనేటప్పుడు దాని మిబ్ ఫైలు అడిగి తీసుకోవడం మరిచిపోకూడదు. బిల్లు చెల్లించాక అడిగితే ఆ ఫైలు కోసం ఎంత తిరగాలో ఈ పని చేసినవారందరికీ తెలుసు.

మేల్కొన్న కాలం గురించి ఒక చిన్న లెక్క. అది సెకనులో నూరోవంతు చొప్పున, 32 బిట్ల గడిలో లెక్కపడుతుంది. 2ను 32 సార్లు హెచ్చించి, నూటితో భాగించి, రోజుల్లోకి మార్చండి. 497 రోజులు వస్తుంది. ఆ తర్వాత గడి నిండి మళ్ళీ సున్నా దగ్గర మొదలవుతుంది. ఏడాదిన్నరకు దగ్గరగా ఆగకుండా నడిచిన ఒక మంచి రూటర్ "ఇప్పుడే ఆగి లేచాను" అన్నట్టు కనిపిస్తే, దాన్ని తిట్టేముందు ఈ లెక్క వేయాలి.

రెండు రకాల మౌనం

ఇక్కడ పాఠంలోని అసలు సంగతి వస్తుంది. ఏ సమస్య వచ్చినా పరికరమే పిలుస్తుంది కదా, మళ్ళీ మళ్ళీ అడిగి విసిగించడం ఎందుకు అని క్లాసులో ఒక అబ్బాయి తప్పక అడుగుతాడు. కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, పడిపోయిన పరికరం ఎవరిని పిలుస్తుంది? కొన్ని మంచి పరికరాల్లో పోయే ముందు ఒక చివరి కబురు పంపేంత కరెంటు దాచుకునే ఏర్పాటు ఉంటుంది. కాని ఆ కబురు మోసే లైను కూడా అదే గాలివానలో తెగితే? పైగా ట్రాప్ పంపిన పరికరానికి, అది చేరిందో లేదో తెలియదు. రసీదు లేని ఉత్తరం లాంటిది. రసీదు కోరే పద్ధతి కూడా ఉంది, ఇన్ఫార్మ్ అంటారు. పరికరంలో ఉంటే దాన్నే పెట్టుకోవాలి.

కాబట్టి మౌనం రెండు రకాలు. అంతా బాగున్నందువల్ల మాట్లాడకపోవడం ఒకటి, మాట్లాడే శక్తి లేక మాట్లాడకపోవడం రెండోది. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ పెట్టేవాడి నైపుణ్యమంతా ఈ రెండింటినీ విడదీయడంలో ఉంది. ట్రాప్ ఉన్నా పోలింగ్ ఉండాలి, తక్కువలో తక్కువ "ఉన్నావా?" అనైనా అడుగుతూ ఉండాలి. జవాబు రాకపోవడమే ఒక అలారం కావాలి.

మూడో రకం కూడా ఉంది, దాన్ని మౌనం అనాలో లేదో. నీటిమట్టం చూపే సెన్సార్‌లో బురద పట్టి ముల్లు ఇరుక్కుంటే అది ప్రతిసారీ అదే అంకె చెబుతుంది. జవాబు వస్తోంది కనుక సాఫ్ట్‌వేర్ సంతోషంగానే ఉంటుంది. నది పొంగుతున్నా అంకె కదలదు. అందుకని మారవలసిన అంకె ఆరు గంటలుగా మారకపోతే దానికీ ఒక అలారం పెట్టాలి. ఎండాకాలంలో అది ఊరికే మోగవచ్చు. అప్పుడు ఆ గడువు పొడిగించుకోవచ్చు.

నెట్‌వర్కే లేని పాత యంత్రాలకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. పాత జనరేటర్‌కు, తలుపుకు, నీళ్ళ ట్యాంకుకు ఒక సాదా స్విచ్ బిగించి రెండు వైర్లు ఆర్‌టీయూ అనే పెట్టెలోకి తెస్తారు. ఆ పెట్టె స్విచ్ స్థితిని చూసి నెట్‌వర్క్ భాషలో చెబుతుంది. స్విచ్‌ను రెండు విధాలుగా కలపవచ్చు. ప్రమాదం వచ్చినప్పుడు వైర్లు కలిసేలా కలిపితే, ఎలుక వైరు కొరికిన రోజు నుంచి ఆ అలారం ఇక మోగదు, ఎవరికీ తెలియదు. మామూలుగా కలిసి ఉండి, ప్రమాదం వచ్చినప్పుడు విడిపోయేలా కలిపితే, వైరు తెగినా అలారం వస్తుంది. ఖర్చు రెండింటికీ ఒకటే. ఇంటర్వ్యూలో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే మన పిల్లలు తడుముకోకుండా చెప్పాలి.

పెట్టే విధానం

ఊహకు ఒక చిన్న పని తీసుకుందాం. ఒక సేవా సంఘం చేతిలో మూడు చోట్ల పరికరాలు ఉన్నాయనుకోండి: అనంతసాగరంలో మంచినీళ్ళ ప్లాంటు, ఆత్మకూరులో విద్యార్థుల హాస్టల్ మీద సోలార్ ఇన్వర్టర్, ఉదయగిరి వైపు ఒక బడిలో కంప్యూటర్ గదికి ఇంటర్నెట్ రూటర్. ఎక్కడ ఏం ఆగినా ఇప్పుడు తెలిసే పద్ధతి ఒక్కటే, ఎవరో విసిగిపోయి ఫోన్ చేయడం.

మొదటి పని కంప్యూటర్ దగ్గర కాదు, నోటు పుస్తకం దగ్గర. మూడు చోట్లా తిరిగి ఏ పరికరం ఉంది, అది ఏమేమి చెప్పగలదు, దానికి కరెంటు ఎక్కడి నుంచి, లైను ఎవరిది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని రాసుకోవాలి. తాళం సంగతి చాలామంది రాయరు. అర్ధరాత్రి అలారం వచ్చాక తాళం ఉన్నవారు పెళ్ళికి ఊరెళ్ళారని తెలిస్తే ఆ అలారం దేనికి?

తర్వాత సాఫ్ట్‌వేర్. డబ్బు పెట్టి కొననక్కరలేనివి బాగానే ఉన్నాయి. నాగియోస్ 1999 నుంచి ఉంది. లాట్వియా దేశపు అలెక్సీ వ్లాదిషెవ్ మొదలుపెట్టిన జాబిక్స్ 2001లో బయటికి వచ్చింది. నేర్చుకునేవారికి మేము జాబిక్స్ చెబుతాం, బొమ్మలు, పట్టికలు, అలారం, ఫోను సందేశం అన్నీ ఒకేచోట ఉంటాయి కనుక. మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి దాన్ని నిలబెట్టవచ్చు. మూడు చోట్లకే కాదు, ముప్ఫై చోట్లకైనా ఆ కంప్యూటర్ చాలుతుంది.

మన పల్లెల్లో వచ్చే చిక్కు వేరు. సిమ్ కార్డు వేసిన రూటర్‌కు బయటి నుంచి పిలవదగిన సొంత చిరునామా సాధారణంగా ఉండదు. ఒకే చిరునామా వెనుక వేలమంది ఉంటారు. కేంద్రం నుంచి ఎంత అడిగినా ప్రశ్న అక్కడికి చేరదు. అప్పుడు దిశ తిప్పాలి. అక్కడ ఒక చిన్న పెట్టెలో జాబిక్స్ ప్రాక్సీ పెడితే అది ఇన్వర్టర్‌ను, రూటర్‌ను దగ్గరుండి అడిగి, తానే బయటికి వచ్చి కేంద్రానికి లెక్క ఒప్పచెబుతుంది. లైను తెగిన సేపు లెక్కలు దాచుకుని, లైను వచ్చాక ఇస్తుంది కూడా. పుస్తకాల్లో పెద్దగా కనిపించని ఈ ఉపాయం లేకపోతే పల్లెల్లో పని మొదలే కాదు.

తాళపు మాట మార్చడం ఇంకొకటి. ఎస్ఎన్ఎంపి పాత రూపాల్లో రహస్యపదం నెట్‌వర్క్ మీద అందరికీ కనిపించేలా పోతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు చాలా పరికరాల్లో అది "పబ్లిక్" అనే ఉంటుంది, ఎవరూ మార్చరు. మూడో రూపంలో గుర్తింపు, గుప్తలిపి రెండూ ఉన్నాయి. పరికరం ఒప్పుకుంటే మూడోదే వాడాలి.

ఇక హద్దులు. టెలిఫోన్ టవర్ల దగ్గర రెండు వోల్టుల గడులు 24 కలిపి 48 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. చార్జింగులో ఉన్నప్పుడు 54 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తుంది. కరెంటు పోతే దిగుతూ వస్తుంది. 47కు దిగితే అలారం అని పెట్టామనుకోండి. 46.9, 47.1, 46.9 అని ఊగిసలాడే బ్యాటరీ రాత్రంతా మోగి ఆగి మోగి ఆగి మనిషిని చంపుతుంది. 47కు మోగాలి, 50 దాటితేనే ఆగాలి. ఈ ఎడం లేని అలారాన్ని వారంలోపే ఎవరో ఒకరు కట్టేస్తారు. అలాగే ఒక్కసారి జవాబు రాలేదని అరవకూడదు, వరుసగా మూడుసార్లు రాకపోతే అరవాలి.

తీవ్రతకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న మెట్లు ఉన్నాయి: క్రిటికల్, మేజర్, మైనర్, వార్నింగ్. మేము పిల్లలకు చెప్పే కొలత ఒక్కటే. నిద్రలేపాలా, తెల్లారాక చెప్పాలా, వారానికోసారి చూసుకోవచ్చా? నిద్రలేపనక్కర లేనిదానికి క్రిటికల్ అని పేరు పెట్టినవాడు నిజమైన క్రిటికల్ రోజున నిద్రపోతాడు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీమైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం మొదలైన కొద్ది నిమిషాల్లోనే నూటికి పైగా అలారాలు ఒక్కసారిగా మోగాయి. ఏది ముఖ్యమో ఏది కాదో గదిలో ఉన్నవారికి విడదీసి చెప్పే ఏర్పాటు లేదు. చదువుకున్న, అనుభవమున్న మనుషులు అక్కడున్నారు. అయినా తోచలేదు.

అందుకే ఏది దేని వెనుక ఉందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పి ఉంచాలి. ఊరికి వచ్చే కేబుల్ ఒకచోట తెగితే దాని వెనుక ఉన్న నలభై పరికరాలూ జవాబివ్వవు. నలభై అలారాలు కాదు, "కేబుల్ తెగింది, దాని వెనుక నలభై ఉన్నాయి" అని ఒక్కటే రావాలి. మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా వేలాది కిలోమీటర్లు లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. దాని నాక్ విశాఖపట్నంలో ఉంది. ఒక తుపానుకు ఎన్ని స్తంభాలు పడతాయో తీరప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. అలాంటి రాత్రి ఆ తెర ముందు కూర్చున్న పిల్లవాడు నలభైలోంచి ఒకటి ఏరగలగాలి. చదువెందుకు అని అడిగిన తండ్రికి మా జవాబులో సగం ఇదే.

గడియారాల మాట కూడా ఒకటుంది. పరికరాలన్నీ ఒకే సమయం చూపాలి, దానికి ఎన్‌టీపీ అనే ఏర్పాటు ఉంది. కొన్ని లండన్ సమయంలో, కొన్ని మన సమయంలో ఉంటే ఐదున్నర గంటల తేడా వచ్చి, ముందు కరెంటు పోయిందా ముందు లైను పోయిందా అన్నది ఎప్పటికీ తేలదు.

కాపలావాడికి కాపలా

మిగతా సగం జవాబు 2003లో ఉంది. ఆ ఏడాది ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, కెనడాలోని ఒంటారియో చీకటైపోయి ఐదు కోట్ల మంది ఇబ్బంది పడ్డారు. ఒహాయోలో ఫస్ట్‌ఎనర్జీ అనే కంపెనీ లైన్లు చెట్లకు తగిలి ఒక్కొక్కటిగా పడిపోయాయి. కంట్రోల్ రూములో మాత్రం ఒక్క అలారం మోగలేదు. మధ్యాహ్నం రెండుంపావుకే అలారాల సాఫ్ట్‌వేర్ లోపల చిక్కుబడి ఆగిపోయింది. దాని పని అందుకోవలసిన రెండో కంప్యూటర్ కూడా అదే చిక్కులో పడి ఆగింది. తెర మీద పాత బొమ్మ అలాగే ఉంది. గంటకు పైగా అక్కడివారు అంతా సవ్యంగానే ఉందనుకున్నారు. బయటి నుంచి ఫోన్లు వచ్చి చెబుతున్నా నమ్మడం కష్టమైంది, ఎందుకంటే తమ తెర మౌనంగా ఉంది.

అలారం చెప్పేదానికే అలారం కావాలని దీని అర్థం. కేంద్రంలోని కంప్యూటర్ ప్రతి ఐదు నిమిషాలకు మరొక చోట ఉన్న, మరొక కరెంటు మీద నడిచే ఒక చిన్న కంప్యూటర్‌కు "ఉన్నాను" అని చెప్పాలి. ఆ మాట రాకపోతే ఆ చిన్నది ఫోన్ చేయాలి. అది మరో ఊళ్ళో, మరో కంపెనీ సిమ్ మీద ఉంటే మరీ మంచిది. ఉదయం ఎనిమిదికి "ఈ రోజు అంతా బాగుంది" అన్న సందేశం రోజూ వచ్చేలా పెట్టుకున్నా చాలా మేలు. అది రాని రోజు మనకే అనుమానం రావాలి.

ఇప్పుడు గేటు సంగతి. ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ అలారం వచ్చాక "చూశాను" అని నొక్కే మీట ఒకటి ఉంటుంది, అక్‌నాలెడ్జ్. నొక్కగానే మోత ఆగుతుంది, ఎర్ర రంగు కళ్ళముందు నుంచి తప్పుకుంటుంది. బాగుచేయడం మాత్రం జరగలేదు. నెల తర్వాత ఆ జాబితా తెరిస్తే "చూశాను" అన్నవే డజన్ల కొద్దీ ఉంటాయి: చూసిన వారి పేరుంది, తేదీ ఉంది, యంత్రం అలాగే ఉంది. పనిచేయని గేటు వానలు లేని రోజుల్లో ఎవరికీ అడ్డం రాదు. కనుక "చూశాను" అన్న మాటకు గడువు పెట్టాలి. ఏడు రోజుల్లో తీరకపోతే అది మళ్ళీ మోగాలి, ఈసారి పై అధికారి ఫోనులో. జాబిక్స్‌లో దీన్ని ఎస్కలేషన్ అంటారు. పావుగంట అరుణ్ ఎత్తకపోతే రహీం, రహీం ఎత్తకపోతే మేనేజర్ అని వరుస రాసిపెట్టవచ్చు. ఆ వరుస రాయడం కంప్యూటర్ పని కాదు. సంఘం సభ్యులు కూర్చుని, ఎవరు ఏ రాత్రి బాధ్యత పడతారో ఒప్పుకుని, సంతకం పెట్టవలసిన పని. అనుభవంలో ఎక్కువ రోజులు పట్టేది ఇదే.

అభ్యాసం

ఇంట్లోనే చేయదగిన పని ఒకటి ఇస్తున్నాం. పాత కంప్యూటర్‌లో జాబిక్స్ పెట్టి, ఇంటి రూటర్‌ను ఐదు నిమిషాలకోసారి అడిగేలా, వరుసగా మూడుసార్లు జవాబు లేకపోతే ఫోనుకు సందేశం వచ్చేలా అమర్చండి. ఆ కంప్యూటర్ ఇంటర్నెట్‌కు ఆ రూటర్ మీద కాకుండా సెల్‌ఫోన్ మీద కలవాలి, లేకపోతే సందేశం ఎలా బయటపడుతుంది? తర్వాత రూటర్ ప్లగ్గు పీకి, సమయం రాసుకుని, ఫోను మోగేదాకా ఆగండి. ప్లగ్గు పీకిన క్షణాన్ని బట్టి పది నిమిషాలకు పైన, పదిహేనుకు లోపల రావాలి. ఎందుకో లెక్క వేయండి. ఐదు నిమిషాల స్థానంలో ఒక నిమిషం పెడితే ఎంత మారుతుంది? నీళ్ళ ప్లాంటుకు ఏది చాలు, ఆనకట్ట గేటుకు ఏది కావాలి, నెలకు ఒక జీబీ మాత్రమే ఉన్న సిమ్ మీద ఏది నడుస్తుంది? జవాబులు రాసి తెచ్చిన పిల్లలతో కూర్చుని మాట్లాడడానికి మేము ఆదివారాలు బడిలోనే ఉంటాం.